పిట్టల చిట్టా



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కమిటీ వారు కోరారు. ఇలాంటి సంచికల్లో క్రమశిక్షణ గురించి, కాలం విలువ గురించి, లక్ష్యసాధన గురించి వ్యాసాలు తప్పక ఉంటాయి. అవి రాయడానికి నాకన్నా పెద్దలు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. నేను మాత్రం పిట్టల గురించి రాస్తాను. నవ్వుకోకండి. ఆఖరి వరకూ చదివి అప్పుడు నవ్వండి.

ఉద్యోగాల దరఖాస్తుల్లో, బయోడేటాల్లో "హాబీలు" అని ఒక గడి ఉంటుంది. మనలో చాలామందిమి ఆ గడిలో "పుస్తక పఠనం, క్రికెట్" అని రాసి ఊరుకుంటాం. పక్కవాడు అదే రాశాడు కాబట్టి మనమూ అదే రాస్తాం. హాబీ అనేది తీరికా డబ్బూ ఉన్నవాళ్ళ వ్యవహారమని మనకు లోపల ఒక అభిప్రాయం. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి నాన్నతోపాటు కూలికి దిగే కుర్రవాడికి హాబీ ఏమిటి? అందులోనూ పక్షులను చూడడం అనగానే మెడలో బైనాక్యులర్స్, తలకు టోపీ, చేతిలో లక్ష రూపాయల కెమెరా గుర్తుకొస్తాయి. అది మనది కాదనుకుంటాం. ఈ అభిప్రాయం సరైంది కాదని నేను అరకు లోయలో నేర్చుకున్నాను. ఎలా నేర్చుకున్నానో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉపాధ్యాయుడిగా నాకు అరకు ప్రాంతంలో పోస్టింగ్ వచ్చింది. తెలియనివారి కోసం రెండు మాటలు. విశాఖపట్నంలో తెల్లవారగానే కిరండూల్ పాసింజరు ఎక్కితే శృంగవరపుకోట దాటాక బండి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. సొరంగం తర్వాత సొరంగం, లోయ తర్వాత లోయ. బొర్రా గుహలు దాటి అరకు చేరేసరికి సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటాం. 2022 ఏప్రిల్ 4 నుండి ఈ ప్రాంతం పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. కొండదొర, కోటియా, పోర్జా, కోందు, గదబ, వాల్మీకి, భగత, ఇలా ఎన్నో తెగల వాళ్ళ ఊళ్ళు ఇక్కడ ఉన్నాయి. చెట్ల నీడన కాఫీ, చెట్లకు మిరియాల తీగలు, నవంబరు వస్తే పచ్చగా పూసే వలిసె చేలు. ఇన్ని చెట్లుంటే పిట్టలకు కొదవేముంటుంది?

మొదటి ఏడాది చలికాలంలో విశాఖపట్నం నుండి కొందరు ఆదివారం పూట వచ్చి మా బడి వెనక కాలువ గట్టున గంటలకొద్దీ నిలబడడం చూశాను. ఏమిటని అడిగితే "పిట్టల్ని చూస్తున్నామండి" అన్నారు. మా బడిలో వంట చేసే అమ్మ ఆ మాట విని, "ఏటి మాస్టారూ, పిట్టల్ని సూడ్డానికి డబ్బులెట్టుకొని బండెక్కి వచ్చినారా?" అని నోరు నొక్కుకుంది. ఆమె ఆశ్చర్యం నాకూ కలిగింది. అయితే వాళ్ళతో మాట్లాడుతూ పోగా ఒక సంగతి అర్థమైంది. అందరూ చూసేది పిట్టల్నే అయినా ఒక్కొక్కరూ చూసే తీరు వేరు. ఒకరికి ఆనందం ఇచ్చేది మరొకరికి పట్టదు.

మొదటి రకం వాళ్ళను నేను "లెక్కలవాళ్ళు" అంటాను. వాళ్ళలో ఒక బ్యాంకు ఆఫీసరు ఉండేవారు. ఆయన దగ్గర చిన్న డైరీ. జీవితంలో మొదటిసారి చూసిన ప్రతి పక్షికీ ఒక నంబరు. కొత్త పక్షి కనబడిందా, ఆయన ముఖం పదో తరగతి ఫలితాలు చూసుకున్న పిల్లవాడి ముఖంలా వెలిగిపోయేది. పాతదైతే మర్యాదకు ఒక చూపు చూసి ముందుకు పోయేవారు. ఇలాంటి వాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. అమెరికాలో ఫీబీ స్నెట్సింగర్ అనే ఆవిడకు 1981లో క్యాన్సర్ అని, ఎక్కువ కాలం బతకరని డాక్టర్లు చెప్పారట. ఆవిడ ఇంట్లో కూర్చోలేదు. పక్షుల కోసం దేశదేశాలూ తిరిగారు. ప్రపంచంలో 8,000కు పైగా పక్షిజాతులను చూసిన మొదటి వ్యక్తి అయ్యారు. చివరకు 1999లో మడగాస్కర్‌లో పక్షుల కోసం ప్రయాణం చేస్తూ రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. క్యాన్సర్ ఆవిడను తీసుకుపోలేదు. ఆ లెక్క ఆవిడను పద్దెనిమిదేళ్ళు నడిపించింది.

రెండో రకం కెమెరావాళ్ళు. వీళ్ళకు లెక్కతో పనిలేదు. ఒక్క పిట్ట చాలు, అది సరైన కొమ్మ మీద, సరైన వెలుతురులో వాలాలి. శీతాకాలంలో హిమాలయాల వైపు నుండి మా కొండలకు ఒక నీలిరంగు ఈగపట్టు పిట్ట వస్తుంది. దాని కోసం ఒక డాక్టరు గారు పొద్దున్న ఆరున్నర నుండి పది వరకూ ఒకే చోట కూర్చోవడం చూశాను. ఆయనలోని ఓపిక మెచ్చుకోదగ్గది. కానీ ఈ రకంలో ఒక చిక్కు కూడా ఉంది. కొందరు ఫొటో తొందరలో ఫోనులో పిట్టకూత వినిపించి పిట్టను రప్పిస్తారు. తన చోటుకు వేరే పిట్ట వచ్చిందనుకుని అది మేతా గూడూ వదిలి కంగారుగా తిరుగుతుంది. గూటి దగ్గరకు మూకగా వెళ్తే తల్లి గుడ్లనే వదిలేసి పోవచ్చు. అందువల్ల మంచి ఫొటోగ్రాఫర్లు గూటి ఫొటో తీయరు, కూత పెట్టరు.

మూడో రకం చెవివాళ్ళు. నాకు అందరికన్నా నచ్చింది వీళ్ళే. అరకులో రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. చూపు బాగా మందగించింది. తెల్లవారుజామున ముసుగు కప్పుకుని అరుగు మీద కూర్చునేవారు. ఇంకా చీకటి ఉండగానే "పోలిగాడు లేచేడు" అనేవారు. పసుల పోలిగాడు అందరికన్నా ముందు లేచి కూసే పిట్టల్లో ఒకటి. తర్వాత నల్లంచి, ఆ తర్వాత పిగిలిపిట్ట, ఎండ పడ్డాక తేనెపిట్ట. గడియారం లేకుండానే ఆయనకు టైము తెలిసేది. వానాకాలంలో వాగుల పక్కన ఒక నీలం కలిసిన నల్లపిట్ట మనిషి ఈల వేసినట్టే కూస్తుంది. అది పాఠం రాని పిల్లవాడు దారి పొడవునా వేసుకుంటూ పోయే ఈలలా ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు కూడా దానికి "ఈల వేసే బడిపిల్లాడు" అనే ముద్దుపేరు పెట్టారు. మా పెద్దాయన ఆ ఈల వినబడితే "వచ్చేడ్రా మీ బడికి లేటుగా" అని నవ్వేవారు. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశానికి చెందిన హువాన్ పాబ్లో కులాసో అనే ఆయన పుట్టుకతోనే అంధుడు. పక్షుల గొంతులు వినే వాటిని గుర్తుపడతాడు, వాటి కూతలను రికార్డు చేయడమే వృత్తిగా పెట్టుకున్నాడు. పక్షులను "చూడడం" అని మనం అంటాం గాని, సగం పని చెవులదే.

నాలుగో రకం ఉన్నచోటనే ఉండి ఆనందించేవాళ్ళు. వీళ్ళు ఎక్కడికీ వెళ్ళరు. పిట్టే వాళ్ళ దగ్గరకు వస్తుంది. అమెరికా, ఇంగ్లాండుల్లో లక్షలమంది పెరట్లో గింజల డబ్బా వేలాడదీసి, వంటింటి కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతూ చూస్తారు. ఆ డబ్బాల్లో వాళ్ళు ఇష్టంగా పోసే సన్నని నల్లగింజ ఏమిటో తెలుసా? వలిసెలు! మనం నూనె ఆడించుకునే వలిసెలే. ఇథియోపియా నుండి, మన దేశం నుండి అవి పిట్టల మేతగా ఓడలెక్కి వెళ్తాయి. ఈ సంగతి చెప్పినప్పుడు మా ఊరి రైతు ఒకాయన చాలాసేపు ఆలోచించి, "మనింటికొచ్చిన పిట్టని మనం తోలేత్తన్నాం, ఆళ్ళు డబ్బులిచ్చి పిలుత్తన్నారు" అన్నాడు.

ఉన్నచోటనే ఆనందించేవాళ్ళు మన దగ్గరా తక్కువేమీ లేరు. కాఫీ పళ్ళు ఏరే ఒక ముసలమ్మను "రోజంతా ఒకే పని, విసుగు రాదా అమ్మా?" అని అడిగాను. "పిట్ట కూస్తుంటే సెయ్యి ఆడతాది బాబూ" అంది. ఆవిడ తోటలో పెద్ద పనస, మామిడి చెట్లున్నాయి. వాటి మీద కొండగోరింకలు జంటలు జంటలుగా వాలతాయి. నల్లని ఒళ్ళు, మెడ వెనక పసుపు తోలు, ఒక్కో గోరింకది పది గొంతులు. పక్క తోటవాళ్ళు పెద్దచెట్లు కొట్టేశాక అక్కడ ఆ సందడి తగ్గిందని ఆవిడే నాకు చెప్పింది. చెట్టు నీడ ఉన్న కాఫీ తోటలో పిట్టలెక్కువ ఉంటాయని శాస్త్రవేత్తలు అనేక దేశాల్లో పరిశీలించి రాశారు. ఆవిడ ఏ పుస్తకమూ చదవలేదు. రోజూ తల పైకెత్తి చూసింది, అంతే.

ఇక ఐదో రకం శాస్త్రం కోసం చూసేవాళ్ళు. మన తూర్పు కనుమలకు ఈ విషయంలో మంచి చరిత్రే ఉంది. 1930 ప్రాంతంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెర్నే సర్వే పేరుతో తూర్పు కనుమల పక్షులను సేకరించి వివరాలు ప్రచురించారు. ట్రెవర్ ప్రైస్ అనే ఆయన మన కొండల్లో ఏ పిట్ట ఏ ఋతువులో వస్తుందో, ఎప్పుడు పోతుందో పరిశీలించి 1979లో పెద్ద వ్యాసం రాశారు. అన్నిటికన్నా నాకు గర్వంగా అనిపించేది మన విశాఖపట్నానికి చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి సంగతి. ఆయన లంబసింగి వైపు అడవుల్లో పక్షులను ఏళ్ళ తరబడి పరిశీలించారు. అమెరికా స్మిత్సోనియన్ సంస్థకు చెందిన డిల్లాన్ రిప్లీ, బ్రూస్ బీలర్ గార్లతో కలిసి పనిచేశారు. మన కొండల్లో దొరికిన ఒక గోధుమరంగు చిన్నపిట్ట ఉపజాతికి ఆ ఇద్దరూ 1985లో "కృష్ణరాజుయి" అని ఆయన పేరే పెట్టారు. పొదల్లో తిరిగే ఆ పిట్ట ప్రపంచంలో ఏ పుస్తకంలోకి ఎక్కినా ఒక తెలుగువాడి పేరుతోనే ఎక్కుతుంది.

ఇన్ని రకాలు చెప్పాను. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మా బడిలో ఎనిమిదో తరగతి కుర్రవాడు ఒకడు ఉండేవాడు. లెక్కల్లో వెనకబడేవాడు, ఇంగ్లీషు పుస్తకం తీస్తే తల దించుకునేవాడు. ఉండేలు మాత్రం జేబులో ఉండాల్సిందే. గురి తప్పేవాడు కాదు. కొండ ఊళ్ళలో ఉండేలు లేని పిల్లవాడు అరుదు. చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తే మగవాళ్ళు వేటకు వెళ్ళడం తరతరాల ఆచారం. ఖాళీ చేతులతో తిరిగొస్తే ఊళ్ళో ఆడవాళ్ళు ఆట పట్టిస్తారు. పిట్టను కొట్టడం తప్పని, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పిట్టలను పట్టడాన్నీ, చంపడాన్నీ నిషేధించిందని పిల్లలకు చెప్పాల్సిందే, చెబుతాను. అయితే కూరలేని పూట కొట్టిన పిట్టనూ, పట్నంలో సరదాకు ఎయిర్‌గన్‌తో కొట్టిన పిట్టనూ ఒకే గాట కట్టలేం. ఇంకొక మాట. మన దేశంలో పక్షిశాస్త్రానికి పెద్దదిక్కు అయిన సలీం అలీ గారు కూడా పదేళ్ళ వయసులో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ చూసి, ఇదేం పిచ్చుకో తెలుసుకుందామని బొంబాయి సొసైటీకి పట్టుకెళ్ళారు. అక్కడ ఆయనను ఎవరూ తిట్టలేదు. గదులన్నీ తిప్పి పక్షుల నమూనాలు చూపించారు. అక్కడి నుండే ఆయన జీవితం మలుపు తిరిగింది. ఉండేలు పట్టుకున్న కుర్రవాడి కన్ను చెడ్డ కన్ను కాదు. అది బాగా చూసే కన్ను.

వేసవి సెలవుల చివర, తొలకరి పడుతున్న రోజుల్లో, పొన్నంకి పిట్టను చూడాలని కొందరు పట్నం నుండి వచ్చారు. తొమ్మిది రంగుల పిట్ట అది. తెల్లవారుతూనూ పొద్దుగూకే వేళా రెండు ముక్కల ఈల వేస్తుంది. నేల మీద ఆకుల్లో తిరుగుతుంది కాబట్టి తెలియనివాళ్ళకు కనబడదు. ఈ కుర్రవాడు వాళ్ళను రెండు పొద్దులు తిప్పాడు. పొన్నంకిని చూపించాడు, వాగు మీది మర్రికొమ్మపై పగలంతా నిద్రపోయే పెద్ద గుడ్లగూబను చూపించాడు. వాళ్ళు సంతోషించి మూడు వందలు ఇచ్చారు. మంచివాళ్ళే. వెళ్ళాక తాము చూసిన 46 రకాల జాబితాను పక్షుల వివరాలు నమోదు చేసే వెబ్‌సైటులో పెట్టారు. నాకూ పంపారు. కుర్రవాడికి ఫోనులో చూపించాను. జాబితా అంతా వేలితో కిందకు జరుపుకుంటూ వెళ్ళి, చివర నలుగురి పేర్లు ఉన్నచోట ఆగాడు. "మాస్టారూ, పొన్నంకిని సూపించింది నేను కదా. మరి నా పేరు లేదేటి?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు నోటితో చెప్పేది కాదనిపించింది.

నాకు కలివికోడి కథ గుర్తుకొచ్చింది. జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1848లో దాన్ని లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది మళ్ళీ ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 86 ఏళ్ళ తర్వాత, 1986 జనవరిలో, బొంబాయి సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గారి అన్వేషణలో అది కడప జిల్లాలో దొరికింది. వెతికి పట్టి తెచ్చింది ఎవరు? ఐతన్న అనే స్థానికుడు. పిట్టలు పట్టి బతికిన మనిషి. శాస్త్రవేత్తలకు కనబడని ఆ పిట్ట చీకట్లో ఎక్కడ తిరుగుతుందో ఆయనకు తెలుసు. కలివిపొదల్లో ఉంటుంది కాబట్టి కలివికోడి అన్న పేరూ పల్లె జనం పెట్టిందే. పుస్తకాల్లో మాత్రం ఆ పిట్ట జెర్డాన్ పేరుతోనే ఉంది. భరత్ భూషణ్ గారు ఐతన్న సంగతి చెప్పారు కాబట్టి ఆయన పేరు మిగిలింది. చెప్పేవాళ్ళు లేక పోయిన ఐతన్నలు ఇంకెందరో!

మర్నాడు సంతలో ఒక లాంగ్ నోటుబుక్కు కొని ఆ కుర్రవాడి చేతిలో పెట్టాను. స్కేలుతో ఆరు గళ్ళు గీయించాను. తేదీ, టైము, చోటు, పిట్ట పేరు, ఎన్ని, ఏం చేస్తున్నాయి. "నీకొచ్చిన పేరే రాయి" అన్నాను. వాళ్ళింట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. ఆ మాటలనే తెలుగు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టాడు. ఆ పక్కన తెలుగు పేరు నేను చెప్పాను. ఇంగ్లీషు పేరు కోసం బడి లైబ్రరీకి ఒక బొమ్మల పుస్తకం తెప్పించాం. తల దించుకునే కుర్రవాడు ఆ పుస్తకం కోసం ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు. వాడు రాసిన "ఏం చేస్తున్నాయి" గడి చదివితే ఎవరైనా ముచ్చటపడతారు. "గేదె మీద కూకుంది, గేదె లేత్తే తిట్టింది" అని గోరింక గురించి. "వాన తడిసింది, రెక్కలు ఇప్పుకొని ఆరేసుకుంది" అని గద్ద గురించి. ఏడాది తిరిగేసరికి 94 రకాలు.

ఫిబ్రవరి నెలలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. అమెరికాలో 1998లో మొదలైంది, 2013 నుండి మన దేశంలోనూ చేస్తున్నారు. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, కనబడిన, వినబడిన పక్షులను రాసి పంపితే చాలు. మరుసటి ఫిబ్రవరిలో వాళ్ళక్క ఫోను నుండి వాడి జాబితా వెళ్ళింది. చివర ఒకే ఒక్క పేరు ఉంది. ఆ పేరును వాడు చాలాసేపు చూసుకున్నాడు.

ఇప్పుడా అబ్బాయి పాడేరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. సెలవుల్లో పిట్టలను చూడవచ్చే వాళ్ళను తిప్పుతాడు. తిప్పే ముందు ఒక షరతు చెబుతాడట: జాబితాలో తన పేరూ ఉండాలి, గూళ్ళ దగ్గరకు రాకూడదు, ఫోనులో కూత పెట్టకూడదు. ఉండేలు పారేశావా అని మొన్న అడిగాను. "లేదు మాస్టారూ, మా నాయన సేసింది. మేకల్ని అదిలించడానికి ఉంచుకున్నాను" అన్నాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మా అమ్మ కోతలకు వెళ్ళే రోజుల్లో పొలంలో పూరేడు పిట్ట గూడు కనబడితే ఆ చుట్టూ జానెడు చేను కోయకుండా వదిలేది. గుడ్లెన్నో చూసి వచ్చి రాత్రి అన్నం పెడుతూ మాకు చెప్పేది. అదీ పక్షులను చూసి ఆనందించడమే. మన ఇళ్ళల్లో ఈ విద్య లేకపోలేదు. ఏ పిట్ట కూస్తే వాన వస్తుందో, ఏ పిట్ట అరిస్తే పాము తిరుగుతోందో మన తాతలు చెప్పేవారు. మనకు లేనిది కన్ను కాదు, చెవి కాదు. చూసింది రాసి పెట్టుకునే అలవాటు. రాసినవాడి పేరే నిలుస్తుంది కాబట్టి, మనం చూసింది మనమే రాయాలి. పిట్టల విషయంలోనే కాదు, మన ఊరి విషయంలోనూ, మన పెద్దల విషయంలోనూ ఇది వర్తిస్తుంది.

ఇది చేస్తే ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. ఇంటర్వ్యూలో మార్కులు పడతాయనీ చెప్పను. హాస్టల్ జీవితంలో ఇంటి మీద బెంగ కలిగే సాయంత్రాలు ఎన్ని ఉంటాయో నాకు తెలుసు. పరీక్ష తప్పిన రోజు, ఇంటి నుండి డబ్బు రాని నెల, స్నేహితుడు చదువు మానేసి వెళ్ళిపోయిన వారం. అలాంటప్పుడు కాసేపు తల పైకెత్తి చూడడానికి ఒకటి ఉండడం మంచిదని మాత్రం చెబుతాను.

మొదలుపెట్టడానికి ఏమీ కొనక్కరలేదు. ఉదయం స్టడీ అవర్‌కు ముందు పదిహేను నిమిషాలు హాస్టల్ ఆవరణలో నిలబడండి. కాకి, గోరింక, రామచిలుక, పిగిలిపిట్ట, నల్లంచి, తేనెపిట్ట, పసుల పోలిగాడు, కొంగ, గద్ద. మొదటి వారంలో పది రకాలు రావడం ఖాయం. రామచిలుక 2018 నుండి మన రాష్ట్ర పక్షి కూడా. దగ్గరలో చెరువుంటే లకుముకి పిట్ట చేరుతుంది, తాటిచెట్టు ఉంటే గిజిగాడు చేరతాడు. పేరు తెలియకపోతే రంగు, ముక్కు, తోక, ఎంత పెద్దది అన్నవి రాసి పెట్టుకోండి, పేరు తర్వాత దొరుకుతుంది. ఎవరి దగ్గరైనా మంచి ఫోను ఉంటే మెర్లిన్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. కూతను బట్టి పిట్ట పేరు చెబుతుంది. అది చెప్పిందల్లా నమ్మకుండా మీ కన్నుతో సరిచూసుకోండి. బొమ్మ వేయగలిగినవాళ్ళు బొమ్మ వేయండి. లెక్క ఇష్టమైనవాళ్ళు లెక్కపెట్టండి. ఏదీ వద్దనుకుంటే ఊరికే వినండి. ఎవరికి తోచిన తీరులో వాళ్ళు ఆనందించవచ్చు. ఇందులో ఫస్టు క్లాసు, థర్డు క్లాసు లేవు.

ఈ సంచికతోపాటు ఒక లాంగ్ నోటుబుక్కు వార్డెన్ గారికి పంపుతున్నాను. ఆరు గళ్ళు గీసి పంపుతున్నాను. ఆఫీసు గది కిటికీ దగ్గర దారంతో కట్టి ఉంచమని కోరాను. ఎవరైనా రాయవచ్చు. ఒక్కటే నియమం: ప్రతి వరుస చివర మీ పేరు, మీ ఊరి పేరు పూర్తిగా రాయండి. వచ్చే వార్షికోత్సవానికి నేను తప్పక వస్తాను. సభ అయ్యాక ముందు ఆ పుస్తకమే తెరుస్తాను.

మీ అందరి చదువులూ చక్కగా సాగాలని కోరుకుంటూ,

మీ అన్నయ్య,
ఒక పూర్వ విద్యార్థి,
అరకు లోయ.